ఇంటి ప్రింటర్‌లో అరిగిన రబ్బరు రోలర్లను బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లోని ప్రింటర్ కాగితం లాగడం మానేసినప్పుడు మొదట ఇంకును, తర్వాత కేబుల్‌ను, ఆపైన ప్రింటర్‌నే అనుమానించడం పరిపాటి. చాలా సందర్భాలలో అసలు కారణం బొటనవేలంత వెడల్పున్న ఒక రబ్బరు చక్రం, దాని మీద పేరుకున్న కాగితపు పొడి. ఈ విషయంలో అవే సందేహాలు పదే పదే వస్తున్నందువల్ల వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## లోపం ఎక్కడుందో తేల్చుకునే దశ

ట్రే నిండా కాగితాలున్నా ప్రింటర్ "కాగితం లేదు" అంటోంది. ఇది రోలర్ పనేనా?

చాలావరకు అవును, అయితే చెవి పెట్టి విని నిర్ధారించుకోవాలి. ప్రింటర్ కాగితాన్ని రెండు విధాలుగా గుర్తిస్తుంది: ట్రే దగ్గర ఉండే చిన్న ప్లాస్టిక్ మీట కాగితం ఉందో లేదో చెబుతుంది, లోపలి సెన్సర్ కాగితపు అంచు నిర్ణీత సమయంలో వచ్చిందో లేదో చెబుతుంది. రోలర్ రెండు మూడుసార్లు తిరిగి, కాగితం మీద రుద్దుకుంటున్న చప్పుడు చేసి, ఆ తర్వాత సందేశం వస్తే రోలర్ జారుతోందని అర్థం. ఏ చప్పుడూ లేకుండా వెంటనే సందేశం వస్తే ఆ మీట ఇరుక్కుని ఉండవచ్చు లేదా విరిగి ఉండవచ్చు. వెనుకనుంచి కాగితం పెట్టే ప్రింటర్లలో మరో పరీక్ష ఉంది: రోలర్ తిరిగే క్షణంలో పై కాగితాన్ని వేలికొసతో కాస్త ముందుకు నెట్టి చూడాలి. ఆ చిన్న సాయంతో కాగితం లోపలికి వెళ్ళిపోతే లోపం రోలర్ పట్టులోనే ఉంది.

ఒక్క కాగితానికి బదులు రెండు మూడు కలిసి వస్తున్నాయి. రోలర్ పట్టు ఎక్కువైందా?

కాదు, ఇది సాధారణంగా సెపరేషన్ ప్యాడ్ లోపం. కాగితాన్ని లాగే పికప్ రోలర్‌కు ఎదురుగా ఒక చిన్న రబ్బరు లేదా కార్క్ పలక స్ప్రింగు బలంతో ఆనుకుని ఉంటుంది. దానినే సెపరేషన్ ప్యాడ్ అంటారు. ఈ అమరిక అంతా మూడు రాపిడుల మధ్య తూకం మీద నడుస్తుంది. రోలర్‌కూ కాగితానికీ మధ్య రాపిడి అన్నిటికన్నా ఎక్కువగా ఉండాలి. ప్యాడ్‌కూ కాగితానికీ మధ్య రాపిడి అంతకంటే తక్కువగా ఉండాలి. కాగితానికీ కాగితానికీ మధ్య రాపిడి అన్నిటికన్నా తక్కువగా ఉండాలి. అప్పుడే పై కాగితం ముందుకు కదిలి, కింది కాగితం ప్యాడ్ దగ్గర ఆగుతుంది. రోలర్ నునుపెక్కితే కాగితం అసలు కదలదు. ప్యాడ్ నునుపెక్కితే కింది కాగితాలు కూడా వెంట వచ్చేస్తాయి. లక్షణాన్ని బట్టి ఏ భాగం మీద చేయి వేయాలో తేలుతుంది కాబట్టి ఈ తేడాను ముందుగా గమనించడం వల్ల సగం శ్రమ తప్పుతుంది. కాగితాలు చెమ్మ పట్టి గానీ, కత్తిరించిన అంచుల దగ్గర గానీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. కట్టను ఒకసారి పేకముక్కల్లా విప్పార్చి పెట్టి చూశాకే ప్యాడ్‌ను తప్పుపట్టాలి.

కాగితం వంకరగా లోపలికి పోతోంది. ఏం చూడాలి?

ముందు ట్రేలోని అంచుపట్టీలు కాగితానికి సరిగ్గా ఆని ఉన్నాయో లేదో చూడాలి. అవి బాగుంటే, ఒకే ఇరుసు మీద రెండు రబ్బరు చక్రాలున్న ప్రింటర్లలో ఒక చక్రం ఎక్కువగా అరిగిందనో, దానికే మురికి పట్టిందనో అనుకోవాలి. పట్టు ఉన్న చక్రం తన వైపు కాగితాన్ని ముందుకు లాగుతుంది, జారే చక్రం వైపు కాగితం వెనకబడుతుంది. అందుకే తుడిచినా, మార్చినా రెండిటినీ కలిపే చేయాలి.

ప్రతి పేజీ మీద ఒకే మచ్చ సమాన దూరాల్లో వస్తోంది. ఏ రోలర్‌దో ఎలా తెలుస్తుంది?

స్కేలుతో రెండు మచ్చల మధ్య దూరం కొలిచి దానిని 3.14తో భాగించాలి, వచ్చేది ఆ మచ్చ వేస్తున్న రోలర్ వ్యాసం. ఉదాహరణకు మచ్చలు 63 మిల్లీమీటర్లకొకటి పడుతుంటే వ్యాసం సుమారు 20 మిల్లీమీటర్లు. లేజర్ ప్రింటర్లో ఆ వ్యాసం కార్ట్రిడ్జ్‌లోని డ్రమ్‌కు (అచ్చుపొడిని కాగితం మీదికి చేర్చే గుండ్రని గొట్టానికి) గానీ, అక్కడి ఇతర రోలర్లకు గానీ సరిపోతే లోపం కాగితాన్ని లాగే రబ్బరుది కాదు. పికప్ రోలర్ వేసే మచ్చలు సాధారణంగా పేజీ మధ్యభాగంలో, చక్రం వెడల్పున మసకగా ఉంటాయి.

రోలర్ అరిగిందా, మురికి మాత్రమే పట్టిందా? చూసి ఎలా చెప్పగలం?

రోలర్‌ను కిటికీ వెలుతురులోకి తెచ్చి, ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. ఆరోగ్యంగా ఉన్న రబ్బరు వెలుతురును మింగినట్టు మందంగా, నల్లగా గానీ బూడిదరంగులో గానీ కనిపిస్తుంది. దానిమీది సన్నని గాళ్ళు లేదా గళ్ళ అచ్చు స్పష్టంగా ఉంటుంది. మురికి పట్టిన రబ్బరు మీద తెల్లటి పొర ఉంటుంది. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే గుడ్డ మీద బూడిదరంగు చార పడి, కింద అసలు రంగు బయటపడుతుంది. అరిగిన రబ్బరు తుడిచిన తర్వాత కూడా అద్దంలా మెరుస్తుంది, గాళ్ళు మధ్యలో చెరిగిపోయి అంచుల్లో మాత్రమే మిగిలి ఉంటాయి. ఇక మూడో పరీక్ష గోటితో: బొటనవేలి గోటితో మెల్లగా నొక్కితే మంచి రబ్బరు లోపలికి దిగి వెంటనే పొంగాలి. గోరు దిగకుండా ప్లాస్టిక్‌లా గట్టిగా తగిలితే రబ్బరు బిగుసుకుపోయింది. గోటి గుర్తు అలాగే నిలిచిపోతే రబ్బరు కుళ్ళడం మొదలైంది.

నేను చూసినంతవరకు "అరిగిపోయింది" అని మార్చడానికి సిద్ధపడిన రోలర్లలో ఎక్కువభాగం మురికి పట్టినవే. అందుకే తుడవకుండా ఏ నిర్ణయానికీ రాకూడదని గట్టిగా చెబుతాను.

నేను నెలకు పది పేజీలు కూడా తీయను. అయినా రబ్బరు ఎందుకు పాడైంది?

రబ్బరుకు వాడకం ఒక్కటే శత్రువు కాదు, వయసు కూడా శత్రువే. గాలిలోని ఆక్సిజన్ రబ్బరు అణుగొలుసుల మధ్య కొత్త ముడులు వేసి దానిని గట్టిపరుస్తుంది. మెత్తదనం కోసం కలిపిన నూనెలు కాలక్రమంలో బయటికి చెమర్చి ఆవిరైపోతాయి. ఓజోన్ సహజ రబ్బరులో సన్నని పగుళ్ళు తెస్తుంది. ఎండ తగిలే చోట ప్రింటర్ ఉంటే ఇదంతా వేగంగా జరుగుతుంది. దీనికి తోడు, తిరగకుండా నెలల తరబడి ఒకేచోట ఒత్తిడిలో ఉన్న రబ్బరుకు ఆ చోట చదునైన మచ్చ పడుతుంది. ఎక్కువగా వాడే ప్రింటర్ రోలర్ అరిగి పాడైతే, వాడని ప్రింటర్ రోలర్ ఎండి పాడవుతుంది.

## విప్పే ముందు

ప్రింటర్ తెరిచే ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్‌ను గోడనుంచి తీసేయాలి. లేజర్ ప్రింటర్ అయితే ఫ్యూజర్, అంటే అచ్చుపొడిని వేడితో కాగితానికి అతికించే భాగం, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడితో పనిచేస్తుంది కాబట్టి కనీసం అరగంట చల్లారనివ్వాలి. టోనర్ (అచ్చుపొడి) ఉండే కార్ట్రిడ్జ్‌ను బయటికి తీస్తే దాని డ్రమ్‌కు వెలుతురు తగలకుండా మందపాటి గుడ్డ కప్పాలి. చిందిన టోనర్‌ను చల్లటి తడిగుడ్డతో తుడవాలి. వేడి నీళ్ళు దానిని కరిగించి అంటుకునేలా చేస్తాయి, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ ఆ సన్నని పొడిని వడపోతలోంచి గదిలోకి వెదజల్లుతుంది. ఏ భాగం ఎలా ఉందో విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది, ముఖ్యంగా స్ప్రింగులున్న చోట.

లోపల చాలా రోలర్లు ఉన్నాయి. వేటిని ముట్టుకోకూడదు?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ, అడగకుండా పాడుచేసుకునేవారు ఎక్కువ. లేజర్ ప్రింటర్లో డ్రమ్ కింద మెత్తని నల్లటి స్పాంజిలా ఉండేది ట్రాన్స్‌ఫర్ రోలర్. దానిని తడపకూడదు, చేత్తో తాకకూడదు, ఎందుకంటే చర్మం మీది నూనె అంటినచోట అచ్చు మసకబారుతుంది. ఫ్యూజర్‌లోని రోలర్లను ఇంట్లో విప్పకూడదు. ఇంక్‌జెట్ ప్రింటర్లో ఇంకు చిమ్మే ప్రింట్‌హెడ్ వెనుక అడ్డంగా ఉండే పొడవైన లోహపు కడ్డీ చాలా మోడళ్ళలో రబ్బరు కాదు. దాని మీద సన్నని గరుకు పూత ఉంటుంది. దానిని పొడి గుడ్డతో గానీ, కొద్దిగా తడిపిన గుడ్డతో గానీ తుడవవచ్చు, రుద్ది నునుపు చేయకూడదు. కాగితం బయటికి వచ్చే చోట నక్షత్రాల్లాంటి సన్నని పళ్ళచక్రాలుంటాయి, అవి వంగితే ప్రతి పేజీ మీదా చుక్కల గీత పడుతుంది. ప్రింట్‌హెడ్ కదిలే దారి వెంట ఉండే పారదర్శకమైన సన్నని పట్టీ ఎన్‌కోడర్. దానిమీద వేలిముద్ర పడినా, గ్రీజు అంటినా ప్రింట్‌హెడ్ తన స్థానం తెలియక చివరి గోడకు కొట్టుకుంటుంది. మనం బాగుచేయవలసినవి పికప్ రోలర్, అది లాగిన కాగితాన్ని ముందుకు నడిపే ఫీడ్ రోలర్, సెపరేషన్ ప్యాడ్, స్కానర్ పైభాగంలో కాగితాలను లాగే చక్రాలు మాత్రమే.

రోలర్‌ను బయటికి తీయడం తప్పనిసరా?

కాదు. ట్రే తీసి, కింది నుంచో వెనుక మూత నుంచో చేయి అందుతుంటే అక్కడే తుడవవచ్చు. ప్రింటర్‌ను తలకిందులు మాత్రం చేయకూడదు. ఇంక్‌జెట్‌లో ఇంకు, లేజర్‌లో టోనర్ ఒలికిపోతాయి. చాలా ప్రింటర్లలో పికప్ రోలర్‌ను ఇరుసుకు పట్టి ఉంచేది ఒక చిన్న ప్లాస్టిక్ కొక్కెం. దానిని గోటితో కాస్త ఎత్తి రోలర్‌ను పక్కకు జరిపితే ఊడి వస్తుంది. బలం వాడవలసి వస్తే మరో కొక్కెం ఎక్కడో ఉందని అర్థం, అక్కడితో ఆగి వెతకాలి. పాతబడిన ప్లాస్టిక్ ఒకసారి విరిగితే రబ్బరు ఎంత బాగున్నా ఉపయోగం ఉండదు.

## శుభ్రం చేసే దశ

దేనితో తుడవాలి, నీళ్ళతోనా స్పిరిట్‌తోనా?

మొదట నీళ్ళతో. కాగితంలో పీచుతో పాటు తెల్లదనం కోసం కాల్షియం కార్బొనేట్ వంటి సుద్దపొడి కలుపుతారు; రోలర్‌ను జారుడుగా మార్చేది ఎక్కువగా ఆ పొడే. దానికి తడిగుడ్డ చాలు. నీళ్ళతో పోని జిడ్డు, ఇంకు మరక, స్టిక్కరు జిగురు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్ వాడవచ్చు. అది త్వరగా ఆరిపోతుంది, అవశేషం మిగల్చదు. కానీ పదే పదే వాడితే రబ్బరులోని మెత్తదనాన్ని కూడా కొంచెం కొంచెంగా తీసుకుపోతుంది. అందువల్ల ఆల్కహాల్‌ను అవసరానికి వాడే మందులా చూడాలి తప్ప వారం వారం అలవాటుగా చేసుకోకూడదు. అది మంటను పట్టుకునే ద్రవం కాబట్టి కిటికీ తెరిచి, నిప్పుకు దూరంగా, ప్లగ్ తీసిన ప్రింటర్ మీదే వాడాలి.

తుడిచే పద్ధతి ఏమైనా ఉందా, లేక ఎలాగైనా తుడవవచ్చా?

పద్ధతి ఉంది. పీచు రాలని గుడ్డను, కళ్ళద్దాలు తుడిచే రకం అయితే మేలు, తడిపి గట్టిగా పిండాలి. నీటి చుక్క ఒక్కటి కూడా కారకూడదు. రోలర్‌ను ఇరుసుతో పాటు చేత్తో తిప్పుతూ, గుడ్డను ఇరుసు దిశలో అటూ ఇటూ కదుపుతూ తుడవాలి, అప్పుడు గాళ్ళలో ఇరుక్కున్న పొడి బయటికి వస్తుంది. చుట్టుకొలత దిశలో మాత్రమే రుద్దితే పొడి గాళ్ళలోనే సర్దుకుంటుంది. ప్రతి చుట్టుకూ గుడ్డలో శుభ్రమైన భాగాన్ని తిప్పుకోవాలి. మొదటి చుట్టులో గుడ్డ మీద బూడిదరంగు, రెండో చుట్టులో లేత మసక పడతాయి. మూడో నాలుగో చుట్టుకు గుడ్డ తెల్లగానే ఉంటే పని అయినట్టు. ఒక వైపు తుడిచి వదిలేస్తే తక్కిన సగం మురికిగా ఉండిపోతుంది కాబట్టి రబ్బరు మీద సుద్దతో చిన్న గుర్తు పెట్టుకుని పూర్తి చుట్టు తిరిగిందో లేదో చూసుకుని, ఆఖరున ఆ సుద్దను కూడా తుడిచేయాలి. తర్వాత పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి, వేళ్ళతో రబ్బరును మళ్ళీ తాకకూడదు.

శానిటైజర్, పెట్రోల్, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ వాడవచ్చా?

వీటిలో ఏదీ వద్దు. శానిటైజర్‌లో గ్లిజరిన్ వంటి పదార్థాలుంటాయి, అవి రబ్బరు మీద జారే పొరగా మిగిలిపోతాయి. పెట్రోల్, థిన్నర్ రబ్బరును ఉబ్బించి ఆకారం చెడగొడతాయి. నెయిల్ పాలిష్ రిమూవర్లలోని అసిటోన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. తుప్పు వదలడానికి, కీచు శబ్దం పోవడానికి చల్లే స్ప్రేనూనెలు అన్నిటికన్నా హానికరం, ఎందుకంటే మనకు కావలసింది రాపిడి, అవి ఇచ్చేది జారుడు.

ప్రింటర్ మెనూలో "రోలర్ క్లీనింగ్" ఉంది. అది నొక్కితే సరిపోతుందా?

తేలికపాటి మురికికి సరిపోవచ్చు. కానన్ ఇంక్‌జెట్‌ల వంటి వాటిలో ఉండే ఈ సదుపాయం రోలర్‌ను ఖాళీగా కొన్ని చుట్లు తిప్పి, తర్వాత తెల్ల కాగితాలను పంపి పొడిని వాటికి అంటించి బయటికి తెస్తుంది. కాగితం కూడా పొడి రాల్చే వస్తువే కాబట్టి గట్టిగా పేరుకున్న పొరను అది తీయలేదు. పనిచేయకపోతే గుడ్డతో తుడవాల్సిందే.

## గరుకుదనం, మెత్తదనం తిరిగి తెచ్చే దశ

శుభ్రంగా తుడిచినా అద్దంలా మెరుస్తోంది. ఉప్పు కాగితంతో రుద్దవచ్చా?

పికప్ రోలర్ వరకు రుద్దవచ్చు, మితంగా. 320 లేదా 400 నంబరు ఉప్పు కాగితం, అంటే శాండ్‌పేపర్, చిన్న ముక్క తీసుకుని ఇరుసు దిశలో, వేలి బరువు మాత్రమే ఆనించి, రోలర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ రుద్దాలి. మెరుపు పోయి మసకబారిన వెంటనే ఆపాలి. పోవలసింది పైన గట్టిపడిన పలుచని పొరే, రబ్బరు మందం కాదు. ఒకచోట ఎక్కువ రుద్దితే అక్కడ గుంట పడి, రోలర్ గుండ్రదనం పోయి, కాగితం ఎగిరెగిరి వస్తుంది. పట్టు ఎంత ముఖ్యమో గుండ్రదనం అంతే ముఖ్యం. తొందరలో చాలామంది మరచిపోయేది ఇదే. రుద్దిన తర్వాత పొడి పూర్తిగా పోయేలా తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. స్పాంజి రోలర్లకు, గరుకు పూత ఉన్న లోహపు కడ్డీలకు, ఫ్యూజర్ రోలర్లకు ఈ పద్ధతి పనికిరాదు.

రబ్బరును మెత్తబరిచే ద్రవాలు అమ్ముతున్నారు. అవి నిజంగా పనిచేస్తాయా?

కొంతకాలం పనిచేస్తాయి. రబ్బరు రీజువనేటర్ పేరుతో దొరికే ద్రవాలలో కొన్నిటిలో జైలీన్ వంటి ద్రావకాలుంటాయి. ఇంట్లో కలుపుకునే మిశ్రమాలలో తరచుగా మిథైల్ శాలిసిలేట్, అంటే నొప్పి లేపనాలకు ఆ ఘాటు వాసననిచ్చే వింటర్‌గ్రీన్ నూనె, ఉంటుంది. ఇవి రబ్బరులోకి ఇంకి దానిని కాస్త ఉబ్బించి మెత్తబరుస్తాయి. పోయిన నూనె స్థానంలో మరొకటి చేరిందన్న మాటే తప్ప బిగుసుకున్న అణుగొలుసులు విడిపోవు; ద్రవం ఆవిరయ్యాక గట్టిదనం మళ్ళీ వస్తుంది. ఎక్కువగా రాస్తే రబ్బరు ఉబ్బి ప్లాస్టిక్ చక్రం మీద వదులవుతుంది.

వాడదలిస్తే రోలర్‌ను తప్పనిసరిగా బయటికి తీసి, గుడ్డకు కొద్దిగా మాత్రమే అంటించి, పలుచగా తుడిచి, ఒక రోజంతా గాలి ఆడేచోట ఆరనిచ్చి, ఆ తర్వాత నీటి గుడ్డతో తుడిచి బిగించాలి. మిథైల్ శాలిసిలేట్ కొద్ది పరిమాణంలో మింగినా పిల్లలకు ప్రాణాపాయం. సీసాను వారికి అందనిచోట, పేరు రాసి, బిగించి పెట్టాలి. చేతికి తొడుగులు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. కొత్త రోలర్ వచ్చేదాకా రోజులు గడపడానికి ఇది మంచి ఉపాయమని, శాశ్వత చికిత్స కాదని నా అభిప్రాయం.

రబ్బరు తొడుగును ఊడదీసి తిప్పి వేస్తే ప్రయోజనం ఉంటుందా?

ఉంటుంది, రసాయనాలన్నిటికన్నా నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. అనేక ఇంక్‌జెట్‌లలో పికప్ రోలర్ పూర్తి గుండ్రంగా కాక డి అక్షరం ఆకారంలో ఉంటుంది. వంపు భాగమే కాగితాన్ని తాకుతుంది, చదును భాగం మీది రబ్బరు ఏళ్ళ తరబడి కొత్తగానే ఉండిపోతుంది. తొడుగు చక్రం చుట్టూ పూర్తిగా ఉన్న రకమైతే, దానిని సైకిల్ టైరులా అంచు నుంచి జాగ్రత్తగా ఎత్తి, చదును వైపు రబ్బరు వంపు మీదికి వచ్చేలా జరిపి వేయవచ్చు. పూర్తి గుండ్రని తొడుగు లోపలి వైపు నునుపుగా, ఉబ్బెత్తు గీతలు లేకుండా ఉంటే లోపలి భాగం బయటికి వచ్చేలా తిరగవేయవచ్చు. ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన వాడితే రబ్బరు చిరుగుతుంది. మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ చెంచా కాడ మేలు. రబ్బరులో పగుళ్ళుంటే ఈ ప్రయత్నం వద్దు, సాగదీయగానే తెగుతుంది.

రోలర్ మీద రబ్బరు బ్యాండ్ గానీ టేపు గానీ చుడితే పట్టు వస్తుంది కదా?

పట్టు వస్తుంది, లెక్క తప్పుతుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న రోలర్ ఒక చుట్టుకు సుమారు 62.8 మిల్లీమీటర్ల కాగితాన్ని జరుపుతుంది. అర మిల్లీమీటరు మందమున్న పొర చుడితే వ్యాసం 21 అవుతుంది, జరిగే దూరం సుమారు 66 మిల్లీమీటర్లకు చేరుతుంది. కాగితం సెన్సర్ దగ్గరికి అనుకున్న సమయంకంటే ముందే వస్తుంది, కొన్ని ప్రింటర్లు దీనిని కాగితం ఇరుక్కోవడంగా లెక్కకడతాయి. డి ఆకారపు రోలర్ విశ్రాంతిలో కాగితానికి తగలకుండా ఉండవలసిన సందు కూడా పూడుకుపోతుంది. పైగా బ్యాండ్ జారి లోపల పళ్ళచక్రాల్లో పడితే చిన్న లోపం పెద్ద మరమ్మతు అవుతుంది. అత్యవసరంగా ఒకటి రెండు పేజీలు కావలసినప్పుడు, పికప్ రోలర్ మీద మాత్రమే, పలుచని వెడల్పాటి బ్యాండ్ ఒక్క చుట్టు వేసి పని కాగానే తీసేయడం వరకు ఫరవాలేదు.

రబ్బరు కరిగిన బెల్లంలా జిగటగా అయింది. ఎండలో పెడితే గట్టిపడుతుందా?

గట్టిపడదు. కొన్ని రోలర్లలో రబ్బరులా వాడే పాలీయురెథేన్ అనే కృత్రిమ పదార్థంలో కొన్ని రకాలు గాలిలోని తేమతో చర్య జరిపి అణుగొలుసులు తెగిపోయి ఇలా జిగటగా మారతాయి. ఇది వెనక్కు తిప్పలేని మార్పు. ఆ రోలర్‌ను తీసివేసి, అది అంటుకున్న ప్లాస్టిక్ భాగాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది వేయాలి. పౌడరు చల్లడం వల్ల జిగట తాత్కాలికంగా దాగుతుంది, ఆ పౌడరు ప్రింటర్ అంతా వ్యాపిస్తుంది.

సెపరేషన్ ప్యాడ్‌ను కూడా ఇలాగే బాగుచేయవచ్చా?

తడిగుడ్డతో తుడిచి, మెరుపు ఉంటే ఉప్పు కాగితంతో రెండు మూడుసార్లు తేలికగా గీరవచ్చు. ప్యాడ్ మధ్యలో రోలర్ వెడల్పున గాడి పడి ఉంటే గీరి లాభం లేదు, మార్చాలి. ప్యాడ్ కింద ఉన్న స్ప్రింగు బలహీనపడిందేమో వేలితో నొక్కి చూడడం మరచిపోకూడదు. నొక్కిన వెంటనే ప్యాడ్ పైకి రావాలి. కాగితం లాగేటప్పుడు కీచుమనే శబ్దం వస్తుంటే అది సాధారణంగా ఈ ప్యాడ్‌దే.

## మార్చే దశ

ఇక బాగుచేయడం మానేసి మార్చాల్సిందే అని ఎప్పుడు నిర్ణయించుకోవాలి?

పగుళ్ళు కనిపించినప్పుడు, గోరు దిగనంత గట్టిపడినప్పుడు, జిగటగా మారినప్పుడు, చేత్తో తిప్పితే ఎగుడుదిగుడుగా తిరిగినప్పుడు. సరిగ్గా తుడిచి, ఆరబెట్టి, ఒకసారి మెరుపు గీరిన తర్వాత కూడా కొద్ది పేజీలకే జారడం మొదలైతే కూడా మార్చడమే మేలు.

కొత్త రోలర్ ఎంచుకునేటప్పుడు ఏం సరిచూసుకోవాలి?

ప్రింటర్ మోడల్ పేరు ఒక్కటే చాలదు, ఎందుకంటే ఒకే మోడల్‌లో మొదటి ట్రేకు, రెండో ట్రేకు, స్కానర్‌కు వేర్వేరు రోలర్లుంటాయి. పాతదాని మీద అచ్చువేసిన భాగం నంబరు ఉంటే అదే ప్రమాణం. లేకపోతే వ్యాసం, వెడల్పు, ఇరుసు రంధ్రం ఆకారం, ఎడమ కుడి తేడా కొలిచి రాసుకోవాలి. వ్యాసాన్ని అరిగిన మధ్యభాగంలో కాక, కాగితం తాకని అంచులో కొలవాలి. రోలర్, సెపరేషన్ ప్యాడ్ కలిపి జతగా దొరికితే జతగానే తీసుకోవడం నయం. కొత్త రోలర్‌కు పాత ప్యాడ్ తోడైతే కాగితం బాగానే కదులుతుంది కానీ రెండేసి రావడం మొదలవుతుంది.

## బిగించిన తర్వాత

పని సరిగ్గా జరిగిందని ఎలా నిర్ధారించుకోవాలి?

ఒక్క పేజీ తీసి సంతోషపడకూడదు. ట్రేలో ముప్పై కాగితాలు పెట్టి, ఇరవై పేజీలను ఒక్కొక్క సన్నని గీతతో వరుసగా తీయాలి. గీత ప్రతి పేజీలో పై అంచు నుంచి ఒకే దూరంలో పడితే కాగితం జారడం లేదు. ఒక్కొక్క పేజీలో కిందికీ పైకీ మారితే రోలర్ ఇంకా అప్పుడప్పుడు జారుతోంది. గీత ఏటవాలుగా పడితే ఒక చక్రం వెనకబడుతోంది. తర్వాత ట్రేను నిండుగా ఒకసారి, అయిదు కాగితాలతో ఒకసారి పరీక్షించాలి, ఎందుకంటే బలహీనమైన రోలర్ అడుగు కాగితాల దగ్గరే తన లోపాన్ని బయటపెడుతుంది.

తుడిచాక రెండు రోజులు బాగా పనిచేసి మళ్ళీ మొదటికి వచ్చింది. ఎక్కడ పొరపాటు?

రెండు కారణాలు తరచుగా కనిపిస్తాయి. ఒకటి, రోలర్‌ను తుడిచినా ట్రే అడుగున, కాగితపు దారిలో మిగిలిన పొడి మళ్ళీ దానికే అంటుతోంది. మెత్తని కుంచెతో ట్రేనూ ఆ దారినీ ఊడ్చాలి. రెండు, రబ్బరు నిజంగా గట్టిపడి ఉంది, తడి వల్ల వచ్చిన తాత్కాలిక పట్టునే మనం బాగుపడడంగా భావించాము. ట్రే శుభ్రం చేశాక కూడా అదే జరిగితే రెండోదే నిజం.

ఒకసారి నేను ఇలాగే వారం వ్యవధిలో మూడుసార్లు ఒకే రోలర్‌ను తుడిచాను. నాలుగోసారి ట్రేను వెలుతురులో వంచి చూస్తే అడుగున బియ్యప్పిండి చల్లినట్టు పొడి ఉంది. దానిని ఊడ్చిన తర్వాత ఆ రోలర్ చాలాకాలం ఇబ్బంది పెట్టలేదు.

ఏ కాగితం వాడితే రోలర్ ఎక్కువకాలం నిలుస్తుంది?

70 నుంచి 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) బరువున్న, అంచులు శుభ్రంగా కత్తిరించిన మామూలు కాగితం రోలర్‌కు అనుకూలం. కట్ట విప్పి పక్కలు తట్టినప్పుడు పొడి రాలే కాగితాన్ని దూరం పెట్టాలి. ఒకవైపు అచ్చయిన పాత కాగితాలను వెనుకవైపు వాడుకునేవారు పిన్నులు, జిగురు, తడి ఇంకు లేకుండా చూసుకోవాలి. కట్టను మూసిన సంచిలో, తేమ తగలనిచోట పెట్టాలి. ట్రేలో గీత దాటి నింపకూడదు.

ప్రింటర్‌ను కొన్ని నెలలు వాడను. రోలర్ పాడవకుండా ఏం చేయాలి?

ట్రేలోని కాగితాలు తీసేసి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, ఎండ పడే కిటికీకి, వేడి పుట్టే పరికరాలకు దూరంగా పెట్టాలి. వీలైతే రెండు వారాలకొకసారి ఎవరితోనైనా ఒక్క పేజీ తీయించాలి. రబ్బరు ఒకేచోట నొక్కుకుపోకుండా ఉంటుంది, ఇంక్‌జెట్ అయితే ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు (నాజిళ్ళు) కూడా ఎండిపోవు. విడి రోలర్ ఏదైనా ముందే కొని ఉంచుకుంటే దానిని కవరు విప్పకుండా, దానిమీద బరువేమీ పెట్టకుండా చీకటి సొరుగులో ఉంచాలి.